సాహస ధనము: డిట్రాయిటు నగరపు కథ

మన పల్లెలలో పెయ్యదూడను పాలికిచ్చుట అనునొక యాచారము కలదు. దూడను కొనుటకు శక్తి గలవారు కొని, మేపుటకు ఓపిక గలవారి కొట్టమున కట్టుదురు. అది యెదిగి యీనిన నాడు ఇరువురును సగము సగము పంచుకొందురు. నడుమ రోగము వచ్చి దూడ చచ్చినచో కొన్నవారికి సొమ్ము పోవును, మేపినవారికి కష్టము పోవును. ఎవరును ఎవరికిని బాకీపడరు. ప్రోనోటు లేదు, వడ్డీ లేదు, తాకట్టు పెట్టిన గాజులు లేవు. అప్పునకును పాలునకును గల భేదమిది. అప్పిచ్చినవాడు నీ యింటిలో నేమున్నదని చూచును. పాలికిచ్చినవాడు నీ చేతిలో నేమున్నదని చూచును.

ఈ భేదమును మా చదువరులు మనసున నుంచుకొన్నచో, నేడు పత్రికలలో తఱచుగా కనబడుచున్న వెంచర్ క్యాపిటల్ అను మాట వారిని భయపెట్టజాలదు. దానిని మేము సాహస ధనమని పిలుచుచున్నాము. ఇంకను లాభము చూడని, ఒక్కొక్కప్పుడు ఇంకను సరుకైనను తయారు కాని, ఇద్దఱు ముగ్గురు పిల్లల తలపులో మాత్రమే యున్న వ్యాపారమునకు ధనమిచ్చి అందులో వాటా పుచ్చుకొనుటయే దాని పని. అట్టి వ్యాపారములకు అంకుర సంస్థలని మనవారు చక్కని పేరు పెట్టినారు. ఈ సాహస ధనము ఒక చితికిన నగరమును నిలబెట్టుటకు ఎంతవఱకు పనికివచ్చినదో, ఎచ్చట పనికిరాలేదో చెప్పుటకై అమెరికాలోని డిట్రాయిటు నగరమును తీసికొనుచున్నాము.

డిట్రాయిటు 1701లో ఫ్రెంచివారు కట్టిన యూరు. మోటారు బండ్ల వలన అది లోకప్రసిద్ధమైనది. 1950 జనాభా లెక్కలలో అచ్చట పదునెనిమిది లక్షల నలుబది తొమ్మిది వేల మంది యుండిరి. 2010 నాటికి ఏడు లక్షల పదుమూడు వేలు మిగిలిరి. 2020లో ఆ లెక్క ఆఱు లక్షల ముప్పది తొమ్మిది వేలకు దిగినది. ముగ్గురిలో ఇద్దఱు లేచిపోయిన యింటిని తలచుకొనుడు; మిగిలిన యొక్కరే ఆ పెద్ద యింటి కప్పు నేయవలెను, నూతిని పూడిక తీయవలెను, దీపము పెట్టవలెను. నగరము చిన్నది కాలేదు, నగరవాసులే తగ్గిరి. వీధులును మురుగు కాలువలును మునుపటి యంతయే యున్నవి. వాని ఖర్చు భరించువారు కొఱవడిరి.

కారణము లనేకము. కర్మాగారములు ఊరి వెలుపలికిని ఇతర రాష్ట్రములకును తరలిపోయినవి. క్రొత్తగా వేసిన పెద్ద రోడ్లు తెల్లవారిని శివారులకు చేర్చినవి. నల్లవారికి ఆ శివారులలో ఇల్లు కొనుటకు ఎన్నో యడ్డంకులు కల్పింపబడినవి. 1967 జూలైలో జరిగిన అల్లరులలో 43 మంది చనిపోయిరి. తరువాత ధనవంతులు మఱింత త్వరగా వెడలిపోయిరి. నగరము నడిబొడ్డున హడ్సన్సు అను గొప్ప అంగడి యుండెడిది. సూది మొదలు సోఫా వఱకు అచ్చట దొరకనిది లేదు. తల్లులు పిల్లలను చేతబట్టుకొని పండుగ బేరములకు పోవుట ఆ యూరి వారి కొక వేడుక. అది 1983లో మూతపడినది. ఆ కట్టడమును 1998లో మందుగుండుతో కూల్చివేసిరి. తుదకు 2013 జూలై 18వ తేదీన, సుమారు 1,800 కోట్ల డాలర్ల భారముతో నగరమే దివాలా దాఖలు చేసినది. అమెరికాలో అంతకుముందు ఏ పురపాలక సంఘమును అంత పెద్ద మొత్తమునకు దివాలా తీయలేదు. ఆనాడు వీధిదీపములలో నూటికి నలుబది వెలుగుట లేదని చెప్పిరి.

అయితే ఈ యూరికి సాహస ధనము క్రొత్త కాదు. అసలు ఈ యూరు పుట్టి పెరిగినదే దాని వలన. ఇచ్చట మా చదువరులకు రొజెట్టా కజెన్సు అను బడిపంతులమ్మను పరిచయము చేయవలసి యున్నది.

1903లో హెన్రీ ఫోర్డు మోటారు కంపెనీ పెట్టునాటికి ఆయనను నమ్మినవారు తక్కువ. నమ్మకపోవుటకు కారణమును గలదు. 1899లో ఆయనను పెట్టుకొని పెద్దమనుష్యులు కొందఱు మొదలుపెట్టిన కంపెనీ రెండేండ్లు నిండకుండగనే మూతపడినది. 1901లో రెండవది పెట్టినారు. నాలుగు నెలలకే ఆయన అందులోనుండి వెలుపలికి రావలసివచ్చినది. (ఆ రెండవ కంపెనీయే తరువాత కాడిలాకు అను పేరుతో వృద్ధిలోనికి వచ్చుట వేఱుకథ.) రెండుసార్లు పాడు చేసినవానికి మూడవసారి ఎవరిత్తురు? జూన్ 16వ తేదీన కంపెనీ యేర్పడునాటికి పండ్రెండుగురు వాటాదారులు కూడి రొక్కముగా వేసినది 28,000 డాలర్లు మాత్రమే. ఆ పండ్రెండుగురిలో బొగ్గు వ్యాపారి యొద్ద గుమాస్తాగా నున్న జేమ్సు కజెన్సు ఒకడు. అతడు తన కున్నదంతయు ఊడ్చి, చాలక చెల్లెలి నడిగెను. రొజెట్టా బడిలో పాఠములు చెప్పి కూడబెట్టుకొన్న సొమ్ములోనుండి 100 డాలర్లు తీసి యన్న చేతిలో పెట్టెను.

ఆ జూలైలో, మొదటి బండి యమ్ముడగుటకు ముందు, కంపెనీ ఖాతాలో నిలిచినది 223 డాలర్లట. ఇంకొక వారము గడచినచో పనివారికి కూలి యిచ్చుటకు లేదు. అప్పుడు చికాగో నుండి వైద్యు డొకడు 850 డాలర్లు పంపి బండి నొకదానిని కొనెను. తరువాతి కథ లోకమునకు తెలిసినదే. 1919లో హెన్రీ ఫోర్డు తక్కినవారి వాటాలన్నిటిని కొనివేయదలచినపుడు, ఆనాటి 100 డాలర్ల వాటాకు రొజెట్టాకు ముట్టినది సుమారు రెండు లక్షల అరువది వేల డాలర్లు. నడుమ నడుమ వచ్చిన లాభాంశములు మఱి తొంబది యైదు వేలు.

ఈ కథను జెప్పునపుడు మేము ఒక హెచ్చరికను కూడ చేర్చవలెను. ఆ దినములలో డిట్రాయిటులో మోటారు బండ్లు చేయుదుమని బయలుదేరిన కంపెనీలు ఎన్నియో మూతపడినవి. వానికి నూఱేసి డాలర్లిచ్చిన చెల్లెండ్ర పేర్లను ఏ పుస్తకమును వ్రాసిపెట్టలేదు. రొజెట్టా చేసిన పనిలో గొప్పతనము లాభము కాదు. పోయినను తన జీవనమునకు లోటు రానంత సొమ్మునే ఆమె యిచ్చినది, ఉద్యోగము మానలేదు.

ఈ విధమైన మదుపును ఒక వృత్తిగా నడుపుట 1946 నుండి ఆరంభమైనదని చెప్పుదురు. జార్జి డోరియో అను ఆచార్యుడు ముఖ్యుడుగా బోస్టనులో ఒక సంఘ మేర్పడెను. ఆ సంఘము 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంటు అను క్రొత్త కంప్యూటర్ల కంపెనీలో 70,000 డాలర్లు పెట్టినది. పదునొకండేండ్లలో దాని విలువ 35 కోట్ల డాలర్లను దాటెను. ఆ దెబ్బతో ధనవంతుల కండ్లు తెఱచుకొన్నవి. అయితే ఆ ధనమంతయు క్రమముగా కాలిఫోర్నియాకును బోస్టనునకును న్యూయార్కునకును చేరినది. నడుమనున్న డిట్రాయిటు వంటి యూళ్ళ పిల్లలు చదువు ముగియగానే మూట కట్టుకొని ఆ దిక్కునకే పోవుచుండిరి.

2010లో డిట్రాయిటు వెంచర్ పార్ట్‌నర్సు అను సంస్థ పుట్టినది ఈ పరిస్థితిలోనే. దానిని నెలకొల్పినవారు ముగ్గురు: ఇంటి ఋణముల వ్యాపారమున కోట్లు గడించిన డాన్ గిల్బర్టు, ఈప్రైజ్ అను కంపెనీని స్థాపించిన జోష్ లింక్నరు, బ్రయన్ హెర్మెలిను. ఆ యేడాదియే గిల్బర్టు తన ఋణముల కంపెనీ ప్రధాన కార్యాలయమును శివారు నుండి నగరము నడుమకు మార్చి 1,700 మంది యుద్యోగులను తెచ్చెను. మఱుసటి యేడు బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మ్యాజిక్ జాన్సను కూడ ఈ మదుపు సంస్థలో భాగస్వామిగా చేరెను. ఆయన మిషిగాను రాష్ట్రమున పుట్టి పెరిగినవాడు.

వారు మ్యాడిసను అను కట్టడమును తమ నెలవుగా చేసికొనిరి. 1917లో నాటకశాలతో కూడ కట్టిన మందిరమది. నాటకశాల పోయినది, ముందుభాగము మిగిలినది. పాత యిటుకలను అట్లే యుంచి, లోపలి గోడలను తీసివేసి, ఒకే విశాలమైన చావడిలో పదిపండ్రెండు అంకుర సంస్థలు పనిచేసికొనునట్లు ఏర్పాటు గావించిరి. ఒక సంస్థవారికి లెక్కలలో చిక్కు వచ్చినచో ప్రక్క బల్లవారిని అడుగుదురు. ఒకరికి దొరకిన మంచి పనివాని గుఱించి వేఱొకరికి తెలియును. మన వాడలలో ఒక నూతి యొద్ద పది యిండ్ల సంగతులు తెలిసినట్లే యనుకొనవచ్చును.

ఇక వారి పనితీరు. ధనము వెదకుకొనుచు పలువురు వత్తురు, కొందఱికే దొరకును. మొదటి విడతగా ఇచ్చు సొమ్మునకు విత్తనపు సొమ్మని పేరు. దానితో ఏడాది యేడాదిన్నర గడుపుకొని, సరుకు తయారుచేసి, కొనువారున్నారని చూపవలెను. చూపినవారికి రెండవ విడత, మూడవ విడత. మదుపు సంస్థవారు వాటాతో పాటు ఆ కంపెనీ పెద్దల సభలో ఒక కుర్చీ కూడ పుచ్చుకొందురు. ఉద్యోగులను కుదుర్చుట, బేరగాండ్రను పరిచయము చేయుట, తప్పుదారి పట్టినపుడు గట్టిగా చెప్పుట వారి పని. ఇచ్చినవానిలో అధికభాగము పోవునని వారికి ముందే తెలియును. ఒకటి రెండు బాగుగా ఫలించినచో తక్కిన నష్టమును తీర్చి మిగులవలెను. ఆ ఫలించినది కూడ వేఱొక పెద్ద కంపెనీ కొన్నప్పుడో, వాటాలు బజారులో అమ్మినప్పుడో గాని చేతికి రాదు. ఏడేండ్లు, పదేండ్లు పట్టును.

వారు ధనమిచ్చినవానిలో ఒకదాని పేరు విచిత్రముగా నున్నది: ఆర్ యు ఎ హ్యూమన్. అనగా, నీవు మనిషివేనా యని ప్రశ్న. ఇంటర్నెట్టులో రైలు టిక్కెట్టు కొనునప్పుడును ఖాతా తెఱచునప్పుడును వంకరటింకర యక్షరములను చూపి, చదివి వ్రాయుమని విసిగించుట మా చదువరు లెఱుగుదురు. కొనుచున్నది మనిషియా యంత్రమా యని తెలిసికొనుటకు పెట్టిన పరీక్ష యది. ఆ యక్షరములకు బదులుగా చిన్న యాటను పెట్టినచో మనిషి నవ్వుచు ఆడును, యంత్రము తెల్లబోవును గదా యని మిషిగాను విశ్వవిద్యాలయపు విద్యార్థులకు తోచినది. ఆ తలపునకే ధనమిచ్చిరి. 2017లో ఇంకొక కంపెనీ దానిని కొనెను. లెవెల్ ఇలెవెన్ అనునది వేఱొకటి. అమ్మకపు ఉద్యోగుల పనిని పందెముగా మార్చి యుత్సాహపఱచు ఉపాయమును అది అమ్మెను.

గిల్బర్టే యొక స్థాపకుడుగా 2016లో వ్యాపారము మొదలుపెట్టిన స్టాక్‌ఎక్సు అనునది వీనియన్నిటి కంటె పెరిగినది. అది చేయునది ఏమనగా, కుఱ్ఱకారు మోజుపడి వేలకు వేలు పెట్టి కొను స్నీకరు బూట్లను వేలమునందు వలె కొనిపించుట. ఇంతవఱకు వింతలేదు. అమ్మువాడు బూట్లను కొన్నవానికి నేరుగా పంపరాదు. ముందు కంపెనీ కొట్టునకు పంపవలెను. అచ్చటి పరీక్షకులు కుట్టు చూచి, జిగురు వాసన చూచి, పెట్టె మీది ముద్ర చూచి, అసలువా నకిలీవా తేల్చిన పిదపనే కొన్నవానికి చేరును. కంసాలి ఒరగల్లు మీద బంగారమును గీసి చూచు పనికిని దీనికిని భేదమేమున్నది? 2019 నాటికి దాని విలువ 100 కోట్ల డాలర్లను దాటినదని మదుపుదారులు లెక్కగట్టిరి. మోటారు బండ్లు చేసిన యూరు బూట్ల సాచ్చా చెప్పుటకు దిగినదని నవ్వినవారు లేకపోలేదు. ఉద్యోగము దొరకినవారు నవ్వరు.

ఇంతవఱకు మంచిమాటలే చెప్పితిమి. మాకు సందేహములును కలవు.

మొదటిది, ఈ ధనము ఎవరి చేతికి పోవుచున్నదను ప్రశ్న. అమెరికాలో కొన్ని రాష్ట్రములలో స్త్రీ వ్యాపారమునకు బ్యాంకు ఋణము తెచ్చుకొనవలెనన్న, భర్తయో తండ్రియో కొడుకో ప్రక్కన సంతకము చేయవలెనను నియమము ఉండెడిది. అది 1988లో వచ్చిన చట్టము వలన గాని పూర్తిగా పోలేదు. తల్లికి కొడుకు హామీ! ఆ చట్టము వచ్చి మూడు పదుల యేండ్లు దాటినను, ఆ దేశమున సాహస ధనములో స్త్రీలు మాత్రమే స్థాపించిన సంస్థలకు చేరుచున్నది నూటికి రెండు పాళ్ళ ప్రాంతముననే నిలిచియున్నది. నల్లవారు స్థాపించిన సంస్థలకు 2023లో నూటికి ఒక పాలైనను చేరలేదు. డిట్రాయిటులో నల్లవారు నూటికి డెబ్బదియైదుగురికి పైగా నున్నారు. ఊరి పేరు పెట్టుకొన్న ధనము ఊరివారి నెందఱిని చేరినదని అడుగుట అన్యాయము కాదు. ధనమిచ్చువారు తమ కెఱుకైన బడులలో చదివిన పిల్లలను, తమ స్నేహితులు సిఫారసు చేసినవారిని ముందు చూతురు. ఇది దుర్బుద్ధి కానక్కఱలేదు, అలవాటు. కాని ఫలము రెంటికిని ఒకటే.

రెండవది, పాత ఫ్యాక్టరీ యుద్యోగమునకును ఈ క్రొత్త యుద్యోగమునకును గల దూరము. 1914 జనవరిలో ఫోర్డు దినమునకు అయిదు డాలర్ల కూలి యిత్తునని ప్రకటించినపుడు, చదువురాని వాడును గుమ్మము ముందు నిలిచి యడుగగలిగెను. (ఆ కూలి 1916 వఱకు స్త్రీలకు వర్తింపలేదు. పైగా పనివారి యిండ్లు శుభ్రముగా నున్నవా, వారు పొదుపు చేయుచున్నారా యని చూచుటకు కంపెనీ తనిఖీదారులను ఇంటింటికి పంపెను. ఆ యిల్లాండ్రు వారి నెట్లు భరించిరో మాకు తెలియదు.) సాఫ్టువేరు సంస్థ యట్లు వేలమందిని పిలువజాలదు. పదిమందితో నడచును; ఆ పదిమందియు కంప్యూటరు విద్య నేర్చినవారై యుండవలెను.

మూడవది మా మనసును మిక్కిలి కలచినది. నగరము నడుమ దీపములు వెలుగుచున్న దినములలోనే వాడలలో దీపములాఱినవి. 2014లో నీటిపన్ను బాకీ యున్న వేల యిండ్లకు నీళ్ళు కట్టివేసిరి. ఐక్యరాజ్యసమితి పరిశీలకులు వచ్చి చూచి తప్పుపట్టిరి. పిల్లలున్న యింటిలో కుళాయి యెండినచో తల్లి పాటు వేఱుగ చెప్పనేల? ఇంటిపన్ను సంగతి యింకను దారుణము. ఇండ్ల విలువలు పడిపోయినను పాత విలువల మీదనే పన్ను వేసిరి. 2010 మొదలు 2016 వఱకు ఇట్లు అధికముగా విధించినది 60 కోట్ల డాలర్లకు తక్కువ కాదని డిట్రాయిటు న్యూస్ పత్రిక 2020లో లెక్కతేల్చినది. వేయగూడని పన్ను కట్టలేక ఇల్లు వేలమునకు పోగొట్టుకొన్నవారిలో ముసలమ్మ లెందఱో గలరు. దివాలా తీర్పులో నగరపు పాత యుద్యోగుల పింఛను నూటికి నాలుగున్నర తగ్గించిరి, ధరల ననుసరించి పెరుగు భాగమును తీసివేసిరి. కళాభవనములోని చిత్రములను అమ్మకుండ కాపాడుటకును పింఛనులను మఱింత కోయకుండుటకును ధర్మసంస్థలును రాష్ట్రప్రభుత్వమును ఇతరులును కలిసి 81 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చిరి గనుక సరిపోయినది. లేకున్న కోత యింకెంత యుండెడిదో. 2014 డిసెంబరులో నగరము దివాలా నుండి బయటపడెను.

కనుక సాహస ధనము డిట్రాయిటును బ్రదికించినదని కొందఱు వ్రాయుచుండగా మేము పూర్తిగా తల యూపలేము. అది చేసిన మేలు వేఱు. చదువుకొన్న పిల్లలకు ఊరు విడిచిపోనక్కఱలేదని చూపినది. ఓడినవానికి రెండవమాఱు తలుపు తెఱచు అలవాటును మఱల తెచ్చినది. ఈ రెండును చిన్నవి కావు. కాని నీళ్ళు, దీపము, న్యాయమైన పన్ను, పిల్లలకు బడి — ఇవి వాటాలకు అమ్మునవి కావు, నగరసభ చేయవలసినవి.

మన తెలుగువారికి ఈ సంగతి దూరపుదని తోచవచ్చును. డిట్రాయిటు శివారులైన నోవై, ట్రాయ్, క్యాంటను మున్నగు నూళ్ళలో తెలుగు కుటుంబములు ఎన్నో కలవు. మోటారు కంపెనీలలో ఇంజనీర్లుగా పోయినవారు కొందఱు, వైద్యులు కొందఱు, కంప్యూటరు పనివారు చాలమంది. నోవైలో వేంకటేశ్వరుని గుడి యున్నది. 2025 జూలైలో తానా మహాసభలు ఆ యూరనే జరిగినవి. మా చదువరులలో ఎందఱి బిడ్డలో అచ్చట కాపురము చేయుచున్నారు. ఉద్యోగము మాని సొంతముగా ఏదో పెట్టుదునని బిడ్డ టెలిఫోనులో చెప్పినపుడు తల్లికి గుండె దడదడలాడుట సహజము. అప్పుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు నాలుగు కలవు. తెచ్చుచున్నది అప్పా, పాలా? పాలయినచో ఎంత వాటా పోవుచున్నది? ఇల్లు తాకట్టు పెట్టుచున్నావా? ఏడాదిన్నరకు ఇంటిఖర్చు విడిగా దాచితివా? ఈ ప్రశ్నలకు నెమ్మదిగా జవాబు చెప్పగల బిడ్డను ఆపనక్కఱలేదని మా యభిప్రాయము.

ఇటీవల ఆ నగరమున కొన్ని శుభసూచనలు కనబడుచున్నవి. 1988 నుండి పాడుబడియున్న పెద్ద రైలుస్టేషనును 2018లో ఫోర్డు కంపెనీ కొని, బాగుచేయించి, 2024 జూన్‌లో తెఱచినది. 2023లో జనసంఖ్య కొంచెము పెరిగినదని అంచనా వచ్చినది. 1957 తరువాత అట్టి మాట వినబడుట అదియే మొదటిసారి. హడ్సన్సు అంగడి కూలిన స్థలమున గిల్బర్టు కంపెనీయే ఎత్తైన మేడను లేపినది.

2025 నవంబరులో డిట్రాయిటు ప్రజలు మేరీ షెఫీల్డు అను నామెను మేయరుగా ఎన్నుకొనిరి. ఆమె అంతకుముందు నగరసభకు అధ్యక్షురాలు. ఇంటిపన్ను వలన ఇండ్లు పోగొట్టుకొన్నవారి పక్షమున పనిచేసినది. మూడు వందల యేండ్లు దాటిన ఆ యూరికి స్త్రీ మేయరగుట ఇదే ప్రథమము. రొజెట్టా యొద్ద నూఱు డాలర్లు పుచ్చుకొన్న యన్న జేమ్సు కజెన్సు, 1919లో కంపెనీ వాటాలమ్ముకొని కోటీశ్వరుడైన యేడాదిలోనే, ఆ పదవిలోనే కూర్చుండెను.